ఆయన్ను లేపాల్సిన పాదం

ఉదయం మంచం దిగేటప్పుడు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. నొప్పి రాదని తెలుసు. ఎముక అతుక్కుందని డాక్టరూ చెప్పాడు. అయినా పాదం నమ్మదు. వేళ్ళ మీద కొంచెం, మడమ మీద కొంచెం బరువు వేసి చూసుకుని, ఏమీ కాకపోతే అప్పుడు లేచి నిలబడతాను.

నలభై ఎనిమిదేళ్ళ వయసులో బరువులెత్తడం మొదలుపెట్టి కాలు విరగ్గొట్టుకున్న ఆడమనిషి సంగతి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఆఫీసులో కొందరు నవ్వారు కూడా. నేను బరువులెత్తింది ఒళ్ళు తగ్గడానికి కాదు. మా ఇంటాయన్ను మంచం మీద నుంచి కుర్చీలోకి లేపడానికి. ఆ మాట ముందు చెప్పకపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు.

నిరుడు చలికాలం

మా ఇంటాయన రవీందర్ గూడ్సు రైలు గార్డు. పెద్ద ఒళ్ళు, పెద్ద గొంతు. మెట్టుగూడలో మా ఇంటి మెట్ల కింద నిలబడి పిలిస్తే పై అంతస్తు వాళ్ళు కూడా పలికేవాళ్ళు. డ్యూటీ నుంచి వచ్చిన ఒక పొద్దున చాయ్ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

పక్షవాతం కుడివైపును తీసుకుపోయింది. మాటను కూడా తీసుకుపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది, 'అయితది'. ఆకలేసినా అదే, వద్దన్నా అదే, కోపమొచ్చినా అదే. ఏ 'అయితది'కి ఏం అర్థమో గొంతును బట్టి నేనూ, మా అమ్మాయి శ్రావ్యా తెలుసుకోవడం నేర్చుకున్నాం. శ్రావ్య బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. వీలైన శనివారాలు రైలెక్కి వచ్చేది.

నాకు బేగంపేటలో ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్లో పని. మానే పరిస్థితి లేదు. పగలు ఆయన్ను చూసుకోవడానికి ఒక పెద్దామె వచ్చేది. తినిపిస్తుంది, తుడుస్తుంది కానీ ఆయన్ను లేపే శక్తి ఆమెకు లేదు. అందుకని నేను బయల్దేరేలోగా ఆయన్ను మంచం మీద నుంచి లేపి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాలి. సాయంత్రం వచ్చాక మళ్ళీ మంచం మీదికి చేర్చాలి. కిటికీలోంచి రైలు పట్టాలు కనిపించవు కానీ శబ్దం వినిపిస్తుంది. బండి శబ్దం వినగానే ఆయన తల పక్కకు తిప్పేవాడు. కూర్చుంటే మనిషిలా ఉండేవాడు. పడుకుంటే రోగిలా ఉండేవాడు. నాకు కనిపించిన తేడా అదే.

ఒక ఆదివారం బాత్రూములో ఇద్దరం కలిసి జారిపోయాం. దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆయన నా ఒళ్ళో, నేను తడి నేల మీద, లేవలేక కూర్చుండిపోయాం. పక్కింటివాళ్ళు వచ్చి లేపేదాకా ఆయన మొహం గోడవైపు తిప్పుకునే ఉన్నాడు.

ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఆ వారం నాతో గట్టిగానే మాట్లాడాడు.

"మేడం, ఎట్ల పట్టుకోవాలెనో నేను చూపిస్త. కానీ కాళ్ళల్ల బలం లేకుంటే అది పనికిరాదు. ఇట్లనే లేపుతుంటే మీ నడుం పోతది. అప్పుడు సార్‌ను ఎవరు చూస్తరు?"

వేసవి మొదట్లో

మా వీధి చివర మందుల షాపు పైన చిన్న జిమ్ ఉంది. పొద్దున పూట ఆడవాళ్ళకే. నేర్పించే అమ్మాయి పేరు నిఖత్. ముప్పై దాటి ఉండవు. నా కారణం విని ఆమె నవ్వలేదు. మా ఇంటికి వచ్చి రవీందర్‌ను నేను ఎలా లేపుతున్నానో చూస్తానంది. వచ్చింది, చూసింది.

"అక్కా, మేము జిమ్ముల ఇనుముతోని చేసేది ఇదే. నడుం వంచకు, తుంటి వెనక్కి తియ్యి, కాళ్ళతోని జమీన్‌ను నెట్టు. అన్నను నువ్వు లేపతలేవు, జమీన్‌ను కిందికి నూకుతున్నవ్, గంతే" అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "అన్నా, మీ బేగంను పహిల్వాన్‌ను చేస్త, ఫికర్ చేయకు" అంది.

ఆయన ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తి "అయితది" అన్నాడు. జబ్బుపడ్డాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

శ్రావ్యకు ఫోన్లో చెప్తే ఎగిరి గంతేసింది. తర్వాతి శనివారం వస్తూ నాకు షూ తెచ్చింది. తన మొదటి జీతంలోంచి దాచుకున్న డబ్బుతో కొన్నది. లేత నీలం రంగు, కింద ఎత్తుగా మెత్తటి అడుగు. వేసుకుంటే పరుపు మీద నడిచినట్టుండేది. జీవితమంతా చెప్పులతో గడిచిన పాదాలు నావి. అంత మెత్తదనం వాటికి తెలియదు.

"అమ్మా, షాపాయన ఇవే మంచియన్నడు. రన్నింగ్ కోసమట. అస్సలు నొప్పి రాదట" అంది శ్రావ్య, నా లేసులు తానే కడుతూ.

ఆ వేసవి బాగా గడిచింది. ఇప్పుడు ఆ మాట రాయడం కష్టమే కానీ నిజం అది. మొదట ఖాళీ ఇనుప కడ్డీ, తర్వాత దానికి తగిలించే చిన్న బిళ్ళలు, తర్వాత పెద్దవి. నా తొడలు గట్టిపడ్డాయి. మెట్రో మెట్లు ఆగకుండా ఎక్కేదాన్ని. ఒక పొద్దున ఆయన నడుముకు బెల్టు చుట్టి, నా మోకాళ్ళు ఆయన మోకాళ్ళకు ఆనించి లేపితే, ఒక్క కుదుపు లేకుండా లేచి నిలబడ్డాడు. కుర్చీలోకి దించకుండా కాసేపు అలాగే ఉన్నాం. ఇద్దరం నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుని చాలా నెలలైంది. నేను ఆయన భుజం దాకానే వస్తానన్న సంగతి కూడా మరిచిపోయాను.

వానలు మొదలయ్యాక

జూన్‌లో ఒక పొద్దున మంచం దిగి అడుగేస్తే, మడమ కింద ఎవరో గులకరాయి పెట్టి లోపల కుట్టేసినట్టు అనిపించింది. కుడి కాలు. అబ్బా అని మంచం అంచు పట్టుకున్నాను. గదిలో నాలుగడుగులు వేసేసరికి సగం తగ్గింది, వంట అయ్యేసరికి పోయింది. పోయింది కదా అనుకున్నాను.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. ఆఫీసులో కుర్చీలోంచి లేచినప్పుడల్లా వచ్చేది. ఉప్పు నీళ్ళలో పెట్టమని ఒకరు, ఆముదం రాయమని ఒకరు, మడమలో ఎముక పెరిగి ఉంటుందని ఒకరు చెప్పారు. మా మరిది సురేశ్ మల్కాజిగిరిలో ఉంటాడు. అన్నను చూడటానికి వచ్చి నా నడక చూశాడు.

"ఏంది వదినా, సక్కగ నడుస్తలేవ్?"

"మడమ నొప్పి. తగ్గుతది."

"జెర జిమ్ము బంద్ చేయరాదు?"

"బంద్ చేస్తే మీ అన్నను ఎవరు లేపుతరు?"

సురేశ్ లేచి అన్న దుప్పటి సర్ది వెళ్ళిపోయాడు.

బోనాల ఆదివారం మా తోడికోడలు, సురేశ్ భార్య కవిత బోనమెత్తింది. నేను ఆమె వెంట తడి బండల మీద ఉత్త కాళ్ళతో చాలాసేపు వరుసలో నిలబడ్డాను. ఆయన కోసం మొక్కుకున్నాను. ఇంటికి వచ్చేసరికి మడమ కింద పెట్టలేకపోయాను. అప్పట్నుంచి తెలియకుండానే బరువంతా పాదం ముందు భాగం మీద వేసి, మడమ లేపి నడవడం అలవాటైంది. అలా నడిస్తే నొప్పి తెలిసేది కాదు. అదే నా కొంప ముంచింది.

నిఖత్ కనిపెట్టింది. కడ్డీ ఎత్తుతుంటే మధ్యలో ఆపమంది. నా కాలి దగ్గర కింద కూర్చుని చూసింది.

"అక్కా, నీ కాలు లోపలికి పడిపోతుంది. షూ ఇప్పు."

ఇప్పి ఇచ్చాను. అడుగును బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది.

"చూడు, దూది. ఉరకనీకి ఇవి మంచియే. బరువు ఎత్తనీకి కాదు. పరుపు మీద నిలబడి బియ్యం బస్తా ఎత్తుతవా? కాలు ఊగుతది, మడమ గుంజుతది." షూ పక్కన పెట్టి, "గలతీ నాది అక్కా. నేను మొదటి రోజే చూడాలెసుండె. నీ నడుమే చూసిన, కాళ్ళు చూడలే" అంది.

చదునుగా, గట్టి అడుగుతో, వేళ్ళు విచ్చుకునేంత వెడల్పు ఉన్న గుడ్డ బూట్లు కొనుక్కోమంది. కొన్నాళ్ళు బరువులు సగానికి తగ్గించమంది. మడమ నయమయ్యేదాకా నిలబడి చేసేవి వద్దంది. బూట్లు ఆ సాయంత్రమే కొన్నాను. జిమ్ములో బరువులూ తగ్గించాను. కానీ ఇంట్లో ఉన్న మనిషి బరువును సగానికి ఎలా తగ్గించను? రోజూ పొద్దున లేపాలి, సాయంత్రం దించాలి. రాతి బండల మీద, ఉత్త కాళ్ళతో. ఇంట్లో చెప్పులు వేసుకోవడం మా దగ్గర ఎవరికీ అలవాటు లేదు.

ఆగస్టు

అది పొద్దున. ఆఫీసుకు టైమవుతోంది. ఆయన్ను మంచం అంచున కూర్చోబెట్టి బెల్టు చుట్టాను. అంతకు ముందు కొన్ని రోజులుగా పాదం ముందు భాగంలో, వేళ్ళకు కాస్త వెనక, పైన వాపు ఉంది. చెప్పుల పట్టీ ఒరుసుకుని ఉంటుందనుకున్నాను.

"ఇగో, లేద్దామా" అన్నాను. లేపాను. ఆయన సగం లేచాడు. నా పాదంలో ఏదో చిట్లింది. శబ్దం రాలేదు. వేడి ముల్లు గుచ్చి పైకి లాగినట్టయింది. నా మోకాలు ఒంగిపోయింది. ఆయన బరువంతా నా మీదికి వస్తోంది, వెనక గోడ ఉంది, కింద బండ ఉంది. పడిపోతాం అనుకున్నాను.

అప్పుడు ఆయన ఎడమ చెయ్యి చాచి కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఉన్న ఒక్క చేతితో తన బరువు, నా బరువు ఆపాడు. మెడ నరాలు తేలాయి. నాకు తేరుకునే సమయం ఇచ్చాడు. నెమ్మదిగా ఇద్దరం మంచం మీదికే కూలబడ్డాం. నేను ఏడ్చేశాను. నొప్పి వల్ల కొంత, భయం వల్ల ఎక్కువ. ఆయన అదే చేతిని నా నెత్తి మీద పెట్టి "అయితది, అయితది" అన్నాడు. పక్షవాతం రాకముందు కూడా ఆయన నన్ను అలా ఓదార్చిన గుర్తు లేదు.

సురేశ్ వచ్చి నన్ను ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఎముకల డాక్టరు గది బయట ఇనుప కుర్చీల వరుస. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎదురుగా చేతికి కట్టుతో ఒక ముసలామె కూర్చుంది. నా కాలు వేలాడుతుంటే చూసి, ఏమీ అడక్కుండా తన బట్టల సంచీ ముందుకు నెట్టి, "దీని మీద పెట్టు బిడ్డా" అంది. సంచీ మీద కాలు పెట్టడానికి సంకోచించాను. ఆమే నా మడమ పట్టి ఎత్తి పెట్టింది. అంతసేపటిలో నాకు కలిగిన సుఖం అదొక్కటే.

డాక్టరు ఎక్స్‌రేను వెలుగులో పెట్టి చూపించాడు. సన్నటి గీత.

"ఇది ఒక్కరోజుల విరిగింది కాదమ్మా. వంగీ వంగీ చీలిన ఎముక. మడమ నొప్పిని తప్పించుకుంటా ముందు పాదం మీద నడిచిన్రు. అది ఓర్చుకోలేకపోయింది."

"షూ వల్లనా సార్?"

"ఒక్క షూ అనలేం. షూ ఉంది, బరువు తొందరగా పెంచడం ఉంది, బండల మీద ఉత్త కాళ్ళు ఉన్నయ్, మీ వయసుల ఎముక పలచనయితది, అదీ ఉంది. అన్నీ ఒక్కకాడ కలిసినయ్." మోకాలి కింది దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ బూటు రాసిచ్చాడు. "నడక తక్కువ. బరువు అసలే వద్దు."

"సార్, మా ఇంటాయన్ను లేపాలె."

ఆయన పెన్ను ఆపి నా వంక చూశాడు. "ఎవర్నీ లేపొద్దమ్మా. ఇప్పుడు లేపితే ఎముక పూర్తిగ జరిగిపోతది. ఆపరేషన్ అయితది."

ఆగస్టు చివర

మగ మనిషిని పెట్టుకుందామని వెతికాం. వచ్చినతను వారం తిరక్కముందే మానేశాడు. ఇంకొకతను వస్తానని రాలేదు. సురేశ్ ఆఫీసుకు ముందు వచ్చి లేపి పోయేవాడు, కానీ మల్కాజిగిరి నుంచి పొద్దున్నే వచ్చి, సాయంత్రం మళ్ళీ రావడం ఎన్నాళ్ళు? అతని కళ్ళు ఎర్రబడి ఉండేవి. సురేశ్ రాలేని రోజు రవీందర్ పడుకునే ఉండేవాడు. బండి శబ్దం వచ్చినా తల తిప్పేవాడు కాదు.

ఒక సాయంత్రం అందరం కూర్చున్నాం. శ్రావ్య కూడా వచ్చింది. కవిత అన్నది, "అక్కా, తప్పుగ అనుకోకు. బొల్లారంల పేషెంట్లను చూసుకునే సెంటర్ ఒకటి ఉందంట. లేపుతరు, కూసోబెడ్తరు, ఎక్సర్‌సైజ్ చేయిస్తరు. నీ కాలు బాగయ్యేదాంక."

"నీ కాలు బాగయ్యేదాంకనే" అని సురేశ్ మళ్ళీ అన్నాడు.

ఆయన మంచం మీద నుంచి అంతా విన్నాడు. మాట పోయింది గానీ ఆయనకు అర్థం కానిది ఏదీ లేదు. నేను బూటు ఈడ్చుకుంటూ పోయి పక్కన కూర్చున్నాను.

"కొన్ని రోజులే. నా కాలు అతకంగనే తోలుకొస్త."

ఆయన నా బూటును చూసి, ఎడమ చేత్తో దాని మీద తట్టి, "అయితది" అన్నాడు. ఆ గొంతుకు అర్థం నాకు తెలియలేదు. అప్పటిదాకా తెలియనిది అదొక్కటే.

తీసుకుపోయే రోజు సురేశ్, ఇంకొకతను కుర్చీతో సహా మెట్లు దించారు. నేను గోడ పట్టుకుని పైనే నిలబడ్డాను. మెట్లు దిగొద్దన్నారు మరి.

సెప్టెంబర్

డాక్టరు మాట కాదని, మెట్లు ఒక్కొక్కటే కూర్చుని దిగి, రెండు రోజులకోసారి ఆటోలో బొల్లారం పోయేదాన్ని. అక్కడి మనుషులు మంచివాళ్ళే. ఇద్దరు కలిసి అటొకరు ఇటొకరు పట్టుకుని ఒక్క ఊపులో లేపేవాళ్ళు. వాళ్ళు చూసుకోవాల్సినవాళ్ళు చాలామంది. లేపే ముందు చెప్పడానికి వాళ్ళకు తీరిక ఉండదు. ఆ ఊపుకు ఆయన కళ్ళు మూసుకునేవాడు. "కొంచెం చెప్పి లేపండి బాబూ" అని అడిగితే, "సరే ఆంటీ" అనేవాళ్ళు, ఆ రోజు చెప్పేవాళ్ళు కూడా.

నేను కూర్చుని ఆయన పాదాలు ఒత్తేదాన్ని. ఎత్తడం చేతకాదు కనుక చేయగలిగింది అదే. పాదాలు మెత్తబడిపోయాయి. పట్టాల వెంట కంకర మీద ఏళ్ళ తరబడి నడిచి కాయలు కాసిన అరికాళ్ళు అవి. ఆ కాయలన్నీ పోయి పసిపిల్లవాడి పాదాల్లా అయ్యాయి.

నెల చివర్లో దగ్గు మొదలైంది. తర్వాత జ్వరం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని ఆస్పత్రికి మార్చారు. అక్కడ లోపలికి ఒక్కొక్కరినే, కాసేపే పంపేవాళ్ళు. నా బూటు చప్పుడు విని నర్సు తనే కుర్చీ తెచ్చి వేసేది. ఆయన మూతి మీద గొట్టం, కళ్ళు సగం మూతలు. "ఇగో, నేనొచ్చిన" అంటే ఎడమ చేతి వేళ్ళు కదిలేవి.

నాలుగో రోజు మధ్యాహ్నం కింద హాల్లో కూర్చుని ఉన్నాను. సురేశ్ మెట్లు దిగి వచ్చి, నా ముందు నిలబడ్డాడు. తల దించుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు అర్థమైంది. లేవబోయి, కాలికి బూటు ఉందని మర్చిపోయి తూలాను. అతను పట్టుకున్నాడు.

ఇంటి ముందు పాడె సిద్ధం చేశారు. నలుగురు వంగారు, లేచారు. అంతే. ఎంత తేలిగ్గా లేపారో. ఇన్ని నెలలు నేను నేర్చుకున్న పని వాళ్ళు ఒక్క ఊపులో చేసేశారు.

ఆ తర్వాత

దినకర్మలప్పుడు వంటగదిలో కవిత ఎవరితోనో అంటుంటే విన్నాను: "అక్క ఆ జిమ్ముకు పోకుంటే బావ ఇంట్లనే ఉంటుండె." గట్టిగా కాదు, నన్ను నొప్పించాలనీ కాదు. ఏడుస్తూనే అన్నది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. ఆమె అన్న మాట నేను లోపల అప్పటికే ఎన్నోసార్లు అనుకున్నాను. ఇంట్లో ఉంటే మాత్రం నిమ్ము చేరకపోయేదా? డాక్టరును అడిగితే, మంచాన పడ్డవాళ్ళకు ఎక్కడున్నా రావచ్చన్నాడు. జిమ్ముకు పోకపోతే వేసవిలోనే ఇద్దరం ఎక్కడో పడి ఉండేవాళ్ళమేమో. ఇవన్నీ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. జవాబు దొరకదని ఇప్పుడు ఒప్పుకున్నాను.

కవితే తర్వాత నెల పొడుగునా అన్నం డబ్బా తెచ్చింది. నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. ఆ మాట సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

శ్రావ్య బెంగళూరుకు తిరిగి పోయే ముందు రోజు చెప్పుల అర దగ్గర కింద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ లేత నీలం షూ.

"అమ్మా, నిజం చెప్పు. ఇవి నేను తెచ్చినందుకేనా ఇదంతా?"

కష్టమ్మీద పక్కన కూలబడ్డాను.

"కాదు బిడ్డా. డాక్టర్ సుత ఒక్క దాని వల్ల అన్లేదు. ఇవి ఉరికేటోళ్ళ షూ. నాకు తెల్వక అవేసుకుని ఇనుము ఎత్తిన. నువ్వు ప్రేమతోని తెచ్చినవ్. మీ డాడీ ఆ వేసవిల నా భుజం పట్టుకుని నిలబడ్డడు, యాదికుందా? అది ఇవి వేసుకున్న దినాలల్లనే."

నా భుజంలో మొహం దాచుకుని, చిన్నప్పటిలా గట్టిగా ఏడ్చింది. వెళ్ళేటప్పుడు ఆ షూ తన కాళ్ళకు వేసుకుని పోయింది. మా ఇద్దరి సైజూ ఒకటే.

చలికాలంలో బూటు తీసేశారు. కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో కాలులా ఉంది. డాక్టరు సలహా మీద ఇంట్లోకి విడిగా ఒక జత చెప్పులు పెట్టుకున్నాను. దేవుడి గూటి ముందు తప్ప ఇల్లంతా వాటితోనే తిరుగుతాను. పిక్కలు సాగదీసే వ్యాయామం, పాదం కింద సీసా పెట్టి దొర్లించడం రోజూ చేశాను. ఎందుకు చేస్తున్నానో తెలియని రోజులు చాలా ఉన్నాయి. లేపడానికి ఎవరూ లేని ఇంట్లో కాలు బాగవుతోంది. రోజుకింత బాగుపడుతుంటే దాని మీద కోపం వచ్చేది.

నిఖత్ పరామర్శకు వచ్చి, జిమ్ము మాటే ఎత్తకుండా కూర్చుని పోయేది. మూడోసారి వచ్చినప్పుడు నేనే అడిగాను, "మళ్ళ షురూ చేయమంటవా?" అని.

"నీ దిల్ అక్కా. వస్తే మాత్రం ముందు కాళ్ళు చూస్త, తర్వాతనే కడ్డీ ఇస్త" అంది.

పోయాను. ఖాళీ కడ్డీతో మొదలు. ఇప్పుడు కొత్తగా వచ్చే ఆడవాళ్ళకు ఆమె నా కాలి సంగతి చెబుతుంది. నేనూ చెబుతాను. ఎత్తైన మెత్తటి అడుగు పరుగుకు మంచిదే, బరువుకు మాత్రం నేల గట్టిగా తగలాలి. వేళ్ళు లోపల ఇరుక్కోకూడదు. అలాగని మెత్తటి బూట్ల నుంచి చదును బూట్లకు ఒక్కసారిగా దూకకండి, పాదానికి కొంత సమయం ఇవ్వండి. పొద్దున మొదటి అడుగుకు మడమ గుచ్చుకుంటే, నడిస్తే పోతుందిలే అనుకోకండి. నొప్పి తప్పించుకోవడానికి నడక మార్చుకోకండి, ఆ బరువు ఇంకెక్కడో పడుతుంది. ఇంట్లో ఎవరినైనా ఎత్తాల్సినవాళ్ళయితే, మీకు నొప్పి మొదలైన రోజే రెండో మనిషిని వెతకడం మొదలుపెట్టండి. ఎముక విరిగాక వెతికితే దొరకరు.

మొన్న

చివరిసారి కాలు చూపించుకోవడానికి అదే ఆస్పత్రికి పోయాను. అవే ఇనుప కుర్చీలు. ఎక్స్‌రే గది ముందు చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, ఆయన పక్కన ఆయన భార్య. పెద్దాయనను పక్క బెంచీ మీదికి మార్చాలి, చక్రాల కుర్చీ ఇంకెవరికో కావాలట. ఆమె ఆయన చంకల కింద చేతులు వేసి గుంజుతోంది. నడుం వంగిపోయింది. కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు, నున్నటి నేల మీద జారుతున్నాయి.

నేను లేచి పోయాను. "అమ్మా, నేను పట్టుకోనా?"

కుర్చీ చక్రాలకు బ్రేకు వేశాను. పాదాలు చూసుకుని నిలబడ్డాను. "పెద్దాయనా, ముందుకు ఒంగుండ్రి. నా భుజం మీద చెయ్యేయుండ్రి. ఇగ లేద్దాం." లేచాడు. రవీందర్‌లో సగం కూడా లేడు. కానీ మెడ చుట్టూ చెయ్యి పడగానే నాకు ఊపిరి ఆగింది. ఒక్క క్షణం అలాగే నిలబడి, తిప్పి, మెల్లగా బెంచీ మీద దించాను.

"నర్సమ్మవా?" అని అడిగింది ఆమె.

"కాదు. మా ఇంటాయనకు చేస్తుంటి."

"ఇప్పుడెట్లున్నడు?"

"లేడమ్మా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. పెద్దాయన మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. కాసేపటికి ఆమె అడిగింది, "నాకు చూపిస్తవా బిడ్డా? ఇంట్ల నేనొక్కదాన్నే."

"ఫస్ట్ ఆ చెప్పులిడువు" అన్నాను. "జారేటియి ఏసుకుంటే ఇద్దరూ పడ్తరు. ఇంట్లకు గట్టియి ఒక జత తెచ్చుకో." ఆమె వదిలేసింది. మోకాళ్ళు ఎక్కడ ఆనించాలో, తుంటి ఎలా వెనక్కి తీయాలో చూపించాను. పెద్దాయన ఓపిగ్గా కూర్చున్నాడు. మొదటిసారి సగం లేపి భయపడి దించేసింది. రెండోసారి లేచాడు. ఆమె మొహం వెలిగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపలి నుంచి నా పేరు పిలిచారు. ఇంకోసారి పిలిచారు. ఆగమని చెయ్యి ఊపి, ఆమెతో "మళ్ళొక్కసారి" అన్నాను.